ముందు కుర్సురా ఎక్కండి

చుట్టాలొస్తే నేను ముందు తీసుకెళ్లేది విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా మార్చిన కుర్సురా జలాంతర్గామికే. సోవియట్‌లో కట్టింది, 1969లో మన నేవీలో చేరి 2001లో రిటైరైంది. పొడవు 90 మీటర్ల పైమాటే గానీ, లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఒత్తిగిలాల్సిందే. గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరాలి. మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్య బయటే బఠాణీలు తింటూ కూర్చుంది. టార్పెడోల పక్కనే పడకలు! నీటిపైన దీన్ని నడిపేవి డీజిల్ ఇంజిన్లు, నీటి అడుగున బ్యాటరీలు అని మాజీ నేవీ గైడు చెబుతుంటే అల్లరి పిల్లలు కూడా కిమ్మనలేదు.

ఎదురుగా టీయూ-142 అనే పాత నేవీ నిఘా విమానం, పర్లేదు. అదే రోడ్డులో డచ్ బంగళాలో ఉన్న విశాఖ మ్యూజియంలో మాత్రం కత్తులూ నాణేలూ గబగబా చూసేసి, 1942లో జపాన్ వాళ్లు వేస్తే పేలని బాంబు దగ్గర ఆగండి.