చిన్న చెరువు మీద గాలం: పడవ వద్దు, అద్దె కర్ర అసలే వద్దు

చిన్న చెరువుకు వేటకెళ్లిన రోజు పాడైందంటే నూటికి తొంభై పాళ్లు గట్టు మీద అద్దెకిచ్చే సరంజామాయే కారణం.

అద్దె కర్ర చేతికి రాగానే దారం రెండు మీటర్లు లాగి చూడండి. స్ప్రింగులా చుట్టలు తిరిగితే అది పాతబడిన నైలాన్. విసిరితే చిక్కుపడుతుంది, చేప గుంజితే ముడి దగ్గర తెగుతుంది. రీలు అంచుకు 2 మి.మీ. లోపలి దాకా దారం నిండి ఉండాలి. సగమే ఉంటే ఎంత బలంగా విసిరినా దగ్గర్లోనే పడుతుంది. అన్నిటికన్నా పెద్ద మోసం గాలపు ముల్లు. ఏ చేపకైనా ఒకటే పెద్ద ముల్లు కట్టి ఇస్తారు. జిలేబి చేప నోరు చిన్నది. ఎరను అంచుల్లో కొరుక్కుతిని పోతుంది, నీటి మీద తేలే బెండు ఆడుతూనే ఉంటుంది, ఏదీ పడదు. వెంట వచ్చినవాళ్లు గంటలోపే మొహం మాడ్చుకుని నీడకు చేరేది అందుకే. 10వ నంబరు ముళ్లు (నంబరు పెరిగేకొద్దీ ముల్లు చిన్నది), 0.25 మి.మీ. దారం చుట్ట, నాలుగు సీసపు గుళ్లు వెంట తీసుకెళ్లండి. ముడిని ఉమ్మితో తడిపి బిగించండి; పొడిగా లాగితే రాపిడి వేడికే నైలాన్ బలహీనపడుతుంది.

పడవ దండగ. లోతు తక్కువ నీళ్లలో తెడ్డు తగిలిన చప్పుడుకే చేపలు చెదిరిపోతాయి. గట్టు మీద నా మొదటి ఓటు వాగు వచ్చి కలిసే చోటుకు, రెండోది గాలి ఎదురుగా కొట్టే గట్టుకు: అలలు మేతను అక్కడికే తోస్తాయి. మిట్టమధ్యాహ్నమైతే లోతున్న చోటు వెతకాలి.

లోతు కొలవకుండా ఎర వేయకండి. ముల్లుకు బరువైన సీసం తగిలించి దించండి. బెండు మునిగితే దాన్ని దారం మీద పైకి జరపాలి, పక్కకు వాలితే కిందికి. బొచ్చె పైనీళ్లలో, శీలావతి నడిమి నీళ్లలో, ఎర్రమోసు, బంగారుతీగ అడుగున మేస్తాయి. అడుగు చేపకు ఎర నేలను ముట్టాలి, బెండు కొన ఒక్క సెంటీమీటరే పైకి కనపడాలి. చేపలను రప్పించడానికి నీళ్లలో వేసే మేతగా తవుడు, వేరుశనగ చెక్క కలిపిన ముద్దలు నిమ్మకాయంతవి మూడు చాలు. గుప్పిళ్లతో చల్లితే అదే తిని కడుపు నింపుకుంటాయి, మీ ఎర జోలికి రావు.

తెల్లవారుజామునే దొరుకుతాయని రాత్రి బస అంటగట్టేవాళ్లుంటారు. నాచు నిండిన చెరువైతే ఒప్పుకోకండి. రాత్రంతా మొక్కలు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటాయి కాబట్టి తెల్లవారే ముందు నీటిలో అది బాగా తగ్గిపోతుంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి తప్ప ఎర ముట్టవు. ఎండ పొడిచిన గంటకు గాలం వేయండి.

పట్టిన చేపను వదిలేసేటట్టయితే ముందు చేతులు తడుపుకోండి. పొడి చేతికి ఒంటి జిగురు ఊడొస్తుంది, ఆ చోట పుండు పడుతుంది.