స్లైడవుట్ ఉన్న ట్రైలర్: ఐదేళ్ళు వాడాక నా మాట

కారు వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, అదే ట్రైలర్, మళ్ళీ కట్టించుకోవాల్సి వస్తే స్లైడవుట్ (గోడలోంచి బయటికి జరిగే భాగం, మేం స్లైడ్ అంటాం) పెట్టించుకుంటాను. కానీ ఇప్పుడు మా దానికి ఉన్నట్టు మాత్రం కాదు. ట్రైలర్ కొనాలని చూస్తున్నవాళ్ళు నన్ను మొదట అడిగేది స్లైడ్ ఉంటే మంచిదా లేకపోతే మంచిదా అనే, రెండు ముక్కల్లో చెప్పడం నావల్ల కాక మొత్తం రాస్తున్నాను.

మాది బరంపురం. ఇచ్ఛాపురం నుంచి పాతిక కిలోమీటర్లు. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న మా అత్తయ్య, మొత్తం ఐదుగురం. 2019 నవంబరులో పదహారడుగుల ట్రైలర్ కట్టించుకున్నాం. లోపల వెనకవైపు పిల్లలకి ఒకదాని మీద ఒకటి రెండు బెర్తులు, ముందు మా మంచం, మధ్యలో ఎడమవైపు తలుపు, దాని పక్కన వంటగట్టు, బాత్రూమ్. తలుపుకి ఎదురుగా కుడి గోడలో స్లైడ్. స్లైడంటే తెలియనివాళ్ళకి చెప్తున్నా, సోఫా, బల్లతో సహా గోడలో ఒక ముక్క పెట్టెలాగా బయటికి జరుగుతుంది. మాది ఆరున్నర అడుగుల పొడవు, రెండుంపావు అడుగులు బయటికి వస్తుంది. లెక్కేస్తే పదిహేను చదరపు అడుగులు కూడా ఉండదు. దానికి మేము అదనంగా ఇచ్చింది రెండు లక్షల నలభై వేలు.

వర్క్‌షాప్‌లో చూపించినప్పుడు స్లైడ్ తెరిచే ఉంది. లోపలికి వెళ్ళగానే ఇల్లులా అనిపించింది. అత్తయ్య సోఫా మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు, పిల్లలు అటూ ఇటూ పరిగెత్తారు, ఇక నేను వేరే మాట వినలేదు. మా ఆయన బరువు గురించి, లీకుల గురించి ఏదో అంటూనే ఉన్నారు. ఒక్కసారి మూసి చూపించండి, మూసినప్పుడు లోపల తిరిగి చూస్తాం అని మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. ట్రైలర్ కొనేవాళ్ళెవరైనా నా దగ్గర నుంచి ఒక్క మాటే తీసుకుంటానంటే అది ఇదే. స్లైడ్ మూయించండి, తలుపు వేయించండి, ఇంటిల్లిపాదీ లోపలికెళ్ళి ఒక గంట ఉండండి.

మాకది మొదటి ప్రయాణంలోనే తెలిసొచ్చింది. 2020 జనవరిలో రంభ వెళ్ళాం, చిలికా ఒడ్డుకి. దగ్గరే కదా అని మెల్లగా బయల్దేరి, దారిలో జాతీయ రహదారి 16 పక్కన భోజనానికి ఆగాం. మనం ఎడమవైపు ఆపుతాం కదా, తలుపు ఎడమవైపు ఉంటే దిగడానికి భద్రం. కానీ స్లైడ్ తెరుచుకునేది కుడివైపు, అంటే లారీలు పోయే వైపు. అక్కడ తెరిచే ప్రశ్నే లేదు. మూసి ఉంటే సోఫా వచ్చి వంటగట్టు ముందు నిలబడుతుంది, మధ్యలో జానెడు సందు. పులిహోర డబ్బా ఉన్న కింది అర తెరుచుకోలేదు. అది సర్దుకున్నాం గానీ బాత్రూమ్ తలుపు సగమే తెరుచుకుంది. పిల్లలు పక్కకి తిరిగి దూరిపోయారు. అత్తయ్య వల్ల కాలేదు. "పోన్లే అమ్మా, అక్కడికెళ్ళాక చూసుకుంటాలే" అని ఆవిడ రంభ దాకా ఓర్చుకుని కూర్చున్నారు. ఆవిడ సుఖం కోసమని కొన్న బండిలో ఆవిడకే ఆ అవస్థ పెట్టినందుకు నాకు దారంతా ఏడుపొచ్చింది. తిరిగొచ్చిన వారంలోనే ఆ తలుపు తీయించి మడతపడే తలుపు పెట్టించాం, ఆరు వేలైంది. ఆ పని కొనేరోజే అడిగి ఉంటే ఊరికే అయ్యేది.

అదే ప్రయాణంలో ఇంకో పాఠం. సరస్సు పక్కన నేల చదునుగానే ఉందనుకుని తెరిచాం. ఒక చక్రం మెత్తటి మట్టిలోకి కొద్దిగా దిగింది, మాకు తెలియలేదు. స్లైడ్ బయటికి వచ్చింది గానీ పైన ఒక మూల వేలు దూరేంత సందు, రెండో మూల గోడకి రాసుకుంటూ ఉంది. మా దానికి అడుగున రెండు పట్టాలు, వాటికి పళ్ళు, ఒక మోటారు తిప్పే ఇరుసుకి రెండు పళ్ళ చక్రాలు. ఛాసిస్ మెలి తిరిగితే రెండు పట్టాలూ ఒకే తీరులో జరగవు. అప్పట్నుంచి డిక్కీలో తాపీమేస్త్రి వాడే రసమట్టం ఒకటి ఉంటుంది. గుమ్మం దగ్గర అడ్డంగా, నిలువుగా పెట్టి చూసి, చక్రాల కింద చెక్క దిమ్మలు సర్ది, నాలుగు మూలలా జాకీలు బిగించాకే స్విచ్ ముట్టుకుంటాం. పెద్దోడు ఇప్పుడు ఆ పని నాకన్నా బాగా చేస్తాడు. ఈ పని కోసం ఎక్కడ ఆగినా పావుగంట పోతుంది. రోజుకో ఊరు తిరిగేవాళ్ళకి ఆ పావుగంట, పొద్దున్నే మళ్ళీ మూసే పావుగంట, ఎంత విసుగో నాకు తెలుసు.

మరి ఎందుకు మళ్ళీ కావాలంటున్నానంటే వాన వల్ల. మన వైపు జూన్ చివర నుంచి అక్టోబరు దాకా ఎప్పుడు బయల్దేరినా వాన తప్పదు. ఒక జులైలో కొండల్లో ఉండే దరింగబాడి వెళ్ళాం, మూడు రాత్రులు ఉన్నాం, వాన ఒక్క పూట కూడా తెరిపి ఇవ్వలేదు. బయట కుర్చీ వేసుకునే వీల్లేదు, దీపం పెట్టుకుంటే గానీ మధ్యాహ్నం కూడా వెలుగు లేదు. స్లైడ్ తెరిచి ఉంది కాబట్టి ఐదుగురం ఎదురెదురుగా కూర్చుని వేడి అన్నం, ముద్దపప్పు తిన్నాం. నేను పొయ్యి దగ్గర నిలబడి ఉంటే నా వెనక నుంచి ఇంకో మనిషి తగలకుండా దాటగలిగారు. రాత్రి సోఫా పరిచేస్తే అత్తయ్యకి మంచం అయింది, కిందికే ఉంటుంది కాబట్టి ఎవరి సాయం లేకుండా లేచారు. స్లైడ్ లేని ట్రైలర్‌లో ఐదుగురం ఆ మూడు రోజులు గడిపి ఉంటే రెండో రోజే ఇంటిముఖం పట్టేవాళ్ళం.

కానీ ఆ ప్రయాణమే చివరి రోజు మమ్మల్ని బాగా కష్టపెట్టింది. మూడు రోజులు మబ్బు, పైగా దేవదారుల్లాంటి పైన్ చెట్ల కింద బండి, సోలార్ పలక వల్ల పైసా ఉపయోగం లేదు. లైట్లు, ఫోన్ ఛార్జింగులతో బ్యాటరీ అడుగంటింది. పొద్దున్న స్విచ్ నొక్కితే స్లైడ్ మూలుగుతూ సగం లోపలికి వచ్చి ఆగిపోయింది. సగం తెరిచిన స్లైడ్‌తో బండి కదిలించలేం. కారు స్టార్ట్ చేసి దాన్నుంచి కరెంటు తీసుకుందామంటే ఫ్యూజ్ కొట్టేసింది, స్పేర్ లేదు. ఇక చేత్తో తిప్పాల్సిందే. ఇరుసు చివర నట్టుకి పానా తగిలించి మా ఆయన తడి నేల మీద వెల్లకిలా పడుకుని తిప్పుతుంటే, బయట నేను రెండు చేతులతో పెట్టెని సమానంగా తోస్తూ నిలబడ్డాను. నలభై నిమిషాలు పట్టింది. అయిపోయేసరికి ఆయన మోచేతులు గీరుకుపోయాయి, నా అరచేతుల్లో రబ్బరు నలుపు రెండు రోజులు పోలేదు. ఆ తర్వాత మేము పెట్టుకున్న నియమం, వెళ్ళే రోజు ముందు రాత్రి బ్యాటరీ వోల్టేజీ చూస్తాం, 12కి తగ్గితే ఇంజిన్ వేసి ఎక్కిస్తాం, నాలుగు ఫ్యూజులు, ఆ పానా తలుపు పక్కనే వేలాడుతుంటాయి. కొనేటప్పుడు చేత్తో మూసే నట్టు ఎక్కడుందో చూపించమనండి. మంచం కిందో డ్రాయర్ వెనకో ఉందంటే ఒప్పుకోకండి.

ఇక లీకు. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, డబ్బు పోయింది ఇక్కడే.

2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నానికీ గోపాల్‌పూర్‌కీ మధ్య తీరం దాటింది. మా ట్రైలర్ ఇంటి వెనక చింతచెట్టు పక్కన ఉంది, స్లైడ్ మూసే ఉంది. ధైర్యంగా ఉన్నాం. వారం తర్వాత లోపలికెళ్తే తడి గోనెసంచి వాసన. సోఫా కింద చాప ఎత్తి మూలన బొటనవేలితో నొక్కాను, చాయ్‌లో ముంచిన బిస్కెట్‌లా లోపలికి దిగింది. పైన చూస్తే విషయం అర్థమైంది. స్లైడ్ చుట్టూ రెండు రకాల రబ్బరు ఉంటుంది. ఒకటి నీళ్ళు తుడిచే పల్చటి నాలుక, రెండోది మూసినప్పుడు, తెరిచినప్పుడు అదిమి పట్టుకునే ఉబ్బు గొట్టం. చింతాకు ఎంత సన్నగా ఉంటుందో తెలుసు కదా, అంతకుముందు మూసినప్పుడు స్లైడ్ పైకప్పు మీద ఆకు అలాగే ఉండిపోయి నాలుక కిందికి దూరి మడతపెట్టేసింది. ఆ సందులోంచి నీళ్ళు గోడ వెంట కారి స్లైడ్ నేల అంచులోకి ఇంకాయి. నేలకి వాడింది మామూలు ప్లైవుడ్, అంచులకి రంగు కూడా వేయలేదు. కట్టించిన వర్క్‌షాప్‌ని అడిగితే తుపానుకి మేమేం చేస్తాం అన్నారు. తుపాను సంగతి సరే, అంచు మూయకుండా వదిలింది వాళ్ళే కదా. అది ఇప్పటికీ నాకు బాధే.

బరంపురంలోనే పడవలకి పని చేసిన ఒక వడ్రంగి మెరైన్ ప్లై వేసి, అంచులకి ఎపాక్సీ పట్టించి, అడుగున అల్యూమినియం రేకు తొడిగి ఇచ్చాడు. ముప్పై ఎనిమిది వేలైంది. అప్పట్నుంచి ఆ మూల మళ్ళీ మెత్తబడలేదు. ఇప్పుడు మూసే ముందు మెత్తటి చీపురుకి పొడవాటి కర్ర కట్టి పైకప్పు ఊడుస్తాను, ఎంత తొందరున్నా సరే. రెండు నెలలకోసారి రబ్బరు అంతా సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టి సిలికాన్ స్ప్రే పట్టిస్తాం. గ్రీజు, కిరోసిన్ లాంటివి దగ్గరికి కూడా రానివ్వకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. గోపాల్‌పూర్ బీచి పక్కన రెండు రోజులున్నా ఇంటికి రాగానే అడుగు పట్టాలు మంచినీళ్ళతో కడగాలి. ఒక ఏడు బద్ధకించాం, పళ్ళ మీద తుప్పు లేచి కిర్రుమని చప్పుడు మొదలైంది.

దోమలు కూడా చెప్పాలి. మూలల దగ్గర రెండు రబ్బర్లు కలిసేచోట చిన్న సందు ఉంటుంది, ఎంత మంచి సీలైనా. వాన కాలంలో అక్కణ్ణుంచే దోమలు, చీమలు. స్పాంజి ముక్కలు కోసి దోపుతాను. చలికాలం దరింగబాడిలో ఆ సందులోంచే చలిగాలి వస్తుంది. మే నెలలో ఏసీ చల్లబరచడానికి స్లైడ్ తెరిస్తే పట్టే సమయం, మూస్తే పట్టే సమయం తేడా బాగా తెలుస్తుంది, ఆ పెట్టె గోడలు పల్చన, పైగా మూడు వైపులా ఎండ.

బరువు విషయంలో మా ఆయన మొదట్నుంచీ అన్నదే నిజమైంది. మా స్లైడ్ ఒక్కటే రెండు వందల అరవై కిలోలు, అదంతా కుడివైపే. మొదటి ఏడాది కళింగ ఘాట్ దిగుతుంటే వెనక ట్రైలర్ తోక ఊపినట్టు ఊగింది, వెన్నులో చలి పుట్టింది. లారీలు తూచే ధర్మకాటా మీద తూయిస్తే మొత్తం 1,940 కిలోలు, కారుకి తగిలించే కొక్కెం మీద పడేది 155 మాత్రమే. అంటే ఎనిమిది శాతం. పది నుంచి పదిహేను శాతం మధ్య ఉండాలి. గ్యాస్ సిలిండరు, పనిముట్ల పెట్టె ముందుకి జరిపి, నీళ్ళ ట్యాంకు ఎడమవైపుకి మార్పించాక 225కి వచ్చింది, ఆ ఊపు పోయింది. స్లైడ్ ఉన్న ట్రైలర్ తీసుకుంటే సామానుతో నింపి కాటా వేయించకుండా ఘాట్ ఎక్కకండి.

స్లైడ్ బదులు ట్రైలరే వెడల్పుగా కట్టించుకోవచ్చు కదా అని మా మరిది అడిగాడు. మోటారు వాహనాల నిబంధనల ప్రకారం వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు, అంతదాకా వెళ్ళినా పర్లాకిమిడి బజారు సందుల్లో తిప్పలేం. మాది ఏడడుగులే, దానికే అవస్థ. రెండడుగులు పొడవు పెంచుకోవడం మాత్రం ఆలోచించదగ్గదే. స్లైడ్ కన్నా తక్కువ బరువు, లీకు లేదు, మోటారు లేదు. భార్యాభర్త, చిన్నపిల్లలు, రోజూ ఊరు మారే తిరుగుడు అయితే నేను అదే చెప్తాను. పక్కన తగిలించే గుడ్డ గది చలికాలానికి బ్రహ్మాండం, మన తీరం గాలివానకి ఒక్క రాత్రి కూడా నిలవదు, మా స్నేహితులది రంభలోనే చిరిగింది. అమెరికాలో స్లైడ్లు 1990ల నుంచే మామూలైపోయాయి, వీడియోలన్నీ అక్కడివే, కానీ వాళ్ళు బండి పెట్టేది చదునైన చోట, కరెంటు ప్లగ్గు పక్కన. మన దగ్గర తోట గట్టు, గుడి వెనక ఖాళీ స్థలం, ఎవరి పెరడో. ఆ తేడా మనసులో పెట్టుకుని చూడండి.

మా లెక్కలో ప్రయాణానికి సగటున మూడు నాలుగు రాత్రులు ఒకేచోట ఉంటాం, పెద్దావిడ ఉన్నారు, వానలో కూడా తిరుగుతాం. కాబట్టి మాకు సరిపోయింది. ఈసారైతే ఒకటిన్నర అడుగు బయటికొచ్చేది చాలు, సోఫా మాత్రమే, వంటగట్టు గానీ బాత్రూమ్ గానీ దాని దారిలో ఉండకూడదు, పైన వాన పడకుండా చిన్న గుడ్డ పందిరి ఉండాలి, అది మా దానికి లేదు. పోయిన నెల ఉబ్బు గొట్టం రబ్బరు పద్దెనిమిది అడుగులు తెప్పించాం, పాతది కింది అంచున పగుళ్ళు విచ్చింది. దసరా సెలవులకి కోరాపుట్ వైపు వెళ్ళేలోపు మార్చాలి. అత్తయ్య సోఫాకి కొత్త గలీబులు కుట్టడం అప్పుడే మొదలుపెట్టేశారు.