లోవెల్ బూట్ మిల్లు మ్యూజియం: ముందు కింది అంతస్తు చూడండి

అమెరికాలో మసాచుసెట్స్‌లోని లోవెల్ ఊళ్లో బూట్ కాటన్ మిల్స్ మ్యూజియానికి వెళ్తే కింది అంతస్తులోని నేతశాలలోకి అడుగుపెట్టే ముందు ఇయర్‌ప్లగ్స్ ఇస్తారు. మొహమాటపడకుండా పెట్టుకోండి. లోపల 88 మగ్గాలున్నాయి. అన్నీ ఒకేసారి నడపరు, నడిపే ఆ కాసినే నేలను అదరగొడతాయి. సిరిసిల్ల మరమగ్గాల షెడ్డు చూసినవాళ్లకు ఈ చప్పుడు కొత్త కాదు గానీ, పైన తిరిగే ఇరుసు నుంచి ఒక్కో మగ్గానికి బెల్టులు దిగడం చూడాల్సిందే.

అన్నీ చుట్టేయకండి. ఆడుతున్న ఒక్క డ్రేపర్ కంపెనీ మగ్గం పక్కన పది నిమిషాలు నిలబడండి. నాడెలో (అటూ ఇటూ పరిగెత్తి అడ్డపోగు వేసేది) పేక, అంటే అడ్డపోగు, అయిపోవస్తే, పక్కన చక్రంలో గుచ్చిన నూలు కండెల్లో ఒకదాన్ని చిన్న సుత్తి లోపలికి కొడుతుంది, ఖాళీది కింద రాలుతుంది. మగ్గం ఆగదు. పడుగు పోగు, అంటే నిలువు పోగు, తెగితే మాత్రం దాని మీద వేలాడే సన్నటి రేకు జారిపడి మగ్గాన్ని ఆపేస్తుంది. పాత మగ్గాల మీద కండె మార్చినప్పుడల్లా పోగును నాడె కంట్లోంచి నోటితో పీల్చి లాగేవాళ్లు. ఒకరి రోగం ఇంకొకరికి అంటడానికి అంతకంటే దగ్గర దారి లేదు.

మిగతా కథ పై అంతస్తులో ఉంది. మెరిమాక్ నది ఇక్కడ 32 అడుగులు దిగుతుంది. ఆ నీటిని కాలువల్లోకి మళ్లించి 1820ల నుంచి మిల్లులు కట్టారు, ఈ బూట్ మిల్లు 1835లో మొదలైంది. పల్లెల నుంచి వచ్చిన అమ్మాయిలు కంపెనీ హాస్టళ్లలో ఉంటూ గంట కొడితే పనికి వెళ్లేవాళ్లు. 1834లో జీతాలు కోస్తే సమ్మె చేశారు, 1836లో మళ్లీ చేశారు. పత్తి మాత్రం అమెరికా దక్షిణాదిన బానిసలు పండించిందే.

లోవెల్ మిల్లుల పతనానికి కారణం ఒక్క దక్షిణాది చౌక కూలీయే అనుకుంటే పొరపాటు. అక్కడ మిల్లులు కొత్తగా లేచాయి కాబట్టి మొదటి నుంచే కండె తనంతట మారే మగ్గాలు బిగించుకున్నాయి. ఇక్కడేమో నీటిచక్రం కోసం కట్టిన నాలుగైదు అంతస్తుల భవనాలు, సరుకు ఎక్కించడం దించడంతోనే సరి. లాభాలు డివిడెండ్లుగా పోయాయే తప్ప కొత్త యంత్రాలకు చాలినంత మిగల్లేదు. అయినా బూట్ 1950ల మధ్యదాకా లాగింది.

వచ్చేటప్పుడు దుకాణంలో ఇక్కడే నేసిన తువ్వాలు ఒకటి తీసుకోండి. అంచు వేలితో తడిమి చూడండి: కండె మారిన చోట తప్ప పేక తెగకుండా మలుపు తిరిగి వెనక్కి వచ్చి ఉంటుంది.