పెద్ద తూటా వదిలి చిన్న తూటా పట్టాక: ఇరవై రెండేళ్ల వాడకం

మా మేనల్లుడు అగ్నివీర్ ర్యాలీకి తయారవుతున్నాడు. పొద్దున నల్గొండ పానగల్ చెరువు కట్ట మీద ఉరుకుతాడు, రాత్రి ఫోన్‌లో తుపాకుల వీడియోలు చూస్తాడు. మొన్న వచ్చి, "మామా, అమెరికోళ్లు ఫైవ్ ఫైవ్ సిక్స్ పక్కన పెట్టి కొత్త తూటాకు పోతున్నరంట. మనోళ్లు కూడా మళ్ల పెద్ద దానికే పోయిండ్రు. అంటే నువ్వు ఇన్నేండ్లు మోసింది దండుగేనా?" అన్నాడు. వాడికి నోటితో చెప్పింది సగమే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

నేను 1991లో చేరి 2013లో బయటికొచ్చాను. వెల్లింగ్టన్‌లో ట్రైనింగ్, ఆ తర్వాత చివరిదాకా పదాతి దళమే. మొదటి ఎనిమిదేళ్లు ఎస్ఎల్ఆర్ అనే పాత రైఫిల్, దాని తూటా 7.62×51. తర్వాత ఇన్సాస్ రైఫిల్, దానిది 5.56×45, మావాడు ఫైవ్ ఫైవ్ సిక్స్ అన్నది ఇదే. మధ్యలో కశ్మీర్‌లో రాష్ట్రీయ రైఫిల్స్‌తో ఉన్న రెండున్నరేళ్లు ఏకే రైఫిల్, దానిది 7.62×39. మొదటి అంకె గుండు లావు, రెండోది ఖోకా పొడవు, రెండూ మిల్లీమీటర్లలో. ఖోకా అంటే గుండు వెనక పేలుడు మందు ఉండే లోహపు గొట్టం. ఎస్ఎల్ఆర్‌దీ ఏకేదీ పేరుకు 7.62 అయినా ఒకదాని తూటా ఇంకోదాంట్లో పట్టదు. లావు దాదాపు ఒకటే, లోపలి పేలుడు మందులో మాత్రం చాలా తేడా.

ఇంకో మాట ముందే చెప్పాలి. రైఫిల్ వేరు, తూటా వేరు. మావాళ్లు చాలామంది ఈ రెంటినీ కలిపి తిడతారు. కార్గిల్ చలికి ఇన్సాస్ ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. దానికి 5.56 ఏం చేస్తుంది? నేను చెప్పేది తూటా గురించే.

ఎస్ఎల్ఆర్ గుండు బరువు తొమ్మిది గ్రాముల పైన, వేగం సెకనుకు సుమారు 840 మీటర్లు. 5.56 గుండు నాలుగు గ్రాములే, వేగం మాత్రం 900 దాటుతుంది. బ్యారెల్ దాటేటప్పటి శక్తి లెక్కేస్తే మొదటిది సుమారు 3,300 జూల్స్, రెండోది 1,700. సగం. కాగితం మీద చూస్తే ఇంక మాట్లాడే పనే లేదు, పెద్దదే గెలిచింది. కానీ ఆ 3,300 జూల్స్‌కు తగ్గ తన్ను మన భుజానికీ తగులుతుంది.

ట్రైనింగ్‌లో మొదటిసారి ఎస్ఎల్ఆర్ కాల్చిన రోజు సాయంత్రం స్నానం చేస్తుంటే చూసుకున్నాను, కుడి భుజం వంకాయ రంగులో ఉంది. మా బ్యాచ్‌లో ఒకడు చొక్కా కింద మడిచిన మేజోళ్లు పెట్టుకుని కాల్పుల రేంజికి వచ్చి, ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్‌కి దొరికిపోయాడు. మిగతా రోజంతా రైఫిల్ తల మీద ఎత్తి పట్టుకుని పరిగెత్తాడు. నొప్పి నాలుగు రోజుల్లో పోతుంది, భయమే పోదు. ట్రిగ్గర్ నొక్కే ముందే కన్ను మూసుకుపోతుంది, భుజం వెనక్కి లాక్కుంటుంది. మా ఉస్తాద్ దీన్ని పట్టుకోవడానికి మనకు తెలియకుండా మ్యాగజైన్‌లో మామూలు రౌండ్ల (తూటాల) మధ్య మందు లేని ఒక డమ్మీ రౌండ్ పెట్టేవాడు. డమ్మీ వచ్చినప్పుడు రైఫిల్ పేలదు, అయినా బ్యారెల్ కొస గభాల్న కిందికి వంగుతుంది. అప్పుడు తెలుస్తుంది, గురి తప్పిస్తున్నది తుపాకీ కాదు, మనమేనని. నేను మూడు వారాలు ఇలా దొరుకుతూనే ఉన్నాను.

తర్వాత ఇన్సాస్ వచ్చినప్పుడు నేనే కొత్త కుర్రాళ్ల పక్కన కూర్చుని అదే డమ్మీ ఆట ఆడించాను. ఎస్ఎల్ఆర్‌తో పది మందిలో ఆరేడుగురు దొరికే చోట 5.56తో ఇద్దరో ముగ్గురో దొరికేవారు. అంతకుముందు 300 మీటర్ల దగ్గర టార్గెట్ చుట్టూ మట్టి లేపినవాళ్లే ఇప్పుడు ఐదు రౌండ్లూ లోపల పెడుతున్నారు. 3,300 జూల్స్ పక్కన మట్టిలోకి పోతే ఎవరికి లాభం? నా దృష్టిలో చిన్న తూటాకు మొదటి మార్కులు ఇక్కడే.

రెండోది బరువు. ఎస్ఎల్ఆర్ రౌండ్ ఒకటి 24 గ్రాముల దాకా ఉంటుంది, 5.56 రౌండ్ 12. వందకు కిలో పైన తేడా. కిలో అంటే ఏముంది, మార్కెట్ యార్డులో నాలుగైదు బత్తాయిలు అనిపిస్తుంది. పౌచ్‌లో పెట్టుకుని రాత్రంతా కొండ ఎక్కినవాడికి ఆ కిలో అంటే ఒక లీటరు నీళ్లు. నల్గొండ జిల్లాలో పుట్టినవాడికి లీటరు నీళ్ల విలువ ఇంకొకరు చెప్పాలా? నేనైతే అదే బరువుకు కొన్ని రౌండ్లు ఎక్కువ, కొన్ని నీళ్లు ఎక్కువ పెట్టుకునేవాణ్ణి.

ఇక అందరూ చెప్పే ఒక మాట ఉంది. 5.56 చంపడానికి కాదట, గాయపరచడానికట. ఒకడు గాయపడితే మోయడానికి ఇంకో ఇద్దరు కావాలి కాబట్టి ముగ్గురు తగ్గుతారట. క్యాంటీన్‌లో ఈ లెక్క వినని జవాను ఉండడు. నాకు ఎప్పుడూ నమ్మకం కలగలేదు. చిన్న తూటాకు మారింది బరువు తగ్గడానికీ తన్ను తగ్గడానికీ. పైగా కశ్మీర్‌లో మాకు ఎదురైనవాళ్లు గాయపడ్డవాణ్ణి స్ట్రెచర్ మీద మోసుకుపోయే రకం కాదు. తగిలిన తర్వాత కూడా కాలుస్తూనే ఉంటారు. అక్కడ ఈ స్ట్రెచర్ లెక్క చెల్లదు.

అందుకే అక్కడ అందరి చేతుల్లోనూ ఏకేలే. దాని గుండు దాదాపు ఎనిమిది గ్రాములు, వేగం 715 మీటర్లు, శక్తి 2,000 జూల్స్, అంటే రెంటికీ మధ్యలో. మాకు పని పడేది ఇళ్ల మధ్య, మక్క చేలల్లో, నాలాల్లో. వంద మీటర్ల లోపే. ఆ దూరంలో దానికి వంక పెట్టలేను. రెండొందల మీటర్లు దాటాక మాత్రం గుండు కిందికి దిగిపోతుంది, సైటు మార్చుకోకపోతే కాళ్ల ముందు మట్టి లేస్తుంది. ఇంకో సంగతి, ఇంట్లో దాక్కున్నవాడి మీద కాల్చేటప్పుడు గోడ అవతల ఎవరున్నారో కూడా చూసుకోవాలి. అక్కడి ఇళ్ల చెక్కా మట్టీ గోడలను ఎస్ఎల్ఆర్ తూటా అప్పడంలా చీల్చుకుపోతుంది. ఊళ్లో ఆడవాళ్లు, పిల్లలు ఉన్నప్పుడు తూటా మరీ బలంగా ఉండటం కూడా టెన్షనే.

పెద్ద తూటా లేదే అని బాధపడ్డ చోటూ ఉంది. లోయకు ఇవతల మా పోస్టు, అవతల వాలు మీద కదలిక. మధ్య 500 మీటర్ల పైమాటే, పక్క నుంచి గాలి. నాలుగు గ్రాముల గుండు అంత దూరం పోయేసరికి వేగం దాదాపు సగం పోగొట్టుకుంటుంది, గాలి ఎటు నెడితే అటు జరుగుతుంది. అలాంటప్పుడు రైఫిళ్లు పక్కన పెట్టి ఎంఎంజీ, అంటే మీడియం మెషిన్ గన్, దగ్గరికి పోయేవాళ్లం. అది పాత 7.62×51నే తింటుంది.

ఎంఎంజీ అనగానే గుర్తొచ్చింది. ఎస్ఎల్ఆర్ రోజుల్లో రైఫిల్, ఎల్ఎంజీ (లైట్ మెషిన్ గన్), ఎంఎంజీ అన్నిటికీ ఒకే తూటా. అవసరమైతే ఎంఎంజీ తూటాల బెల్టు విప్పి మ్యాగజైన్లు నింపుకోవచ్చు. మారాక ఒకే కంపెనీ దళంలో ఇన్సాస్‌కు ఒకటి, ఏకేకు ఒకటి, ఎంఎంజీకి ఒకటి, కార్బైన్‌కు 9 ఎంఎం. కొన్నాళ్లు నేను కోత్, అంటే ఆయుధాల గది, చూసుకున్నాను. రేంజి అయిపోయాక కాల్చిన ప్రతి రౌండుకూ ఖాళీ ఖోకా లెక్క అప్పజెప్పాలి. ఒకసారి ఏకే ఖోకా ఒకటి తగ్గింది. సాయంత్రం ఐదు నుంచి చీకటి పడేదాకా ముప్పై మందిమి గడ్డిలో బోర్లా పడి వెతికాం. చివరికి అది ఎంఎంజీ ఖోకాల సంచిలో దొరికింది. కొత్త తూటా గురించి మాట్లాడే వీడియోల్లో ఈ సంచుల సంగతి ఎవరూ చెప్పరు.

మన సైన్యం మళ్లీ పెద్దదానికే పోయిందన్న మేనల్లుడి మాట సగం నిజం. 2019 ఫిబ్రవరిలో 72,400 సిగ్ 716 రైఫిళ్లకు ఒప్పందం అయింది, అవి 7.62×51. మన డీఆర్‌డీఓ, ఒక హైదరాబాద్ కంపెనీ కలిసి చేసి 2024 జనవరిలో చూపించిన ఉగ్రం రైఫిల్ కూడా అదే తూటాది. కానీ పెద్ద సంఖ్య వేరే చోట ఉంది. 2021 డిసెంబర్‌లో ఆరు లక్షల పైచిలుకు ఏకే-203లకు సంతకాలయ్యాయి, అవి అమేథీ దగ్గర కోర్వాలో తయారవుతాయి. వాటిది మధ్యరకం 7.62×39. అంటే ఎక్కువమంది చేతికి వచ్చేది మధ్యదే, దూరం కాల్చాల్సినవాళ్లకు పెద్దది. నాకు ఇందులో తప్పు కనిపించలేదు.

అమెరికావాళ్ల కొత్తది 6.8×51. 2022 ఏప్రిల్‌లో ఎంచుకున్నారు. నేను కాల్చలేదు కాబట్టి అంకెలు చూసి చెప్పేదే. దూరం నుంచి కూడా బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్‌ను ఛేదించాలన్నది వాళ్ల ఉద్దేశం. అందుకు చదరపు అంగుళానికి 80,000 పౌండ్ల ఒత్తిడి పెట్టారు. అంత ఒత్తిడికి ఇత్తడి ఒక్కటే ఆగదని ఖోకా అడుగు భాగం ఉక్కుతో చేశారు. తెలివైన పనే. కానీ అక్కడ జవాను మామూలుగా మోసే 210 రౌండ్లు 140కి దిగాయి. మేము దించుకున్న బరువే తిరిగి భుజానికెక్కింది, ఆ తన్నూ దాని వెనకే వస్తుంది. ఎదుటివాడు మంచి జాకెట్ వేసుకుని ఎదురయ్యే సైన్యానికి ఆ బేరం గిట్టుబాటు కావచ్చు. నేను చేసిన ఉద్యోగానికైతే అక్కర్లేదు.

నన్ను మళ్లీ 1999కి పంపి మారతావా అని అడిగితే మారతాను. కాకపోతే పది మంది సెక్షన్‌లో ఇద్దరి దగ్గర పాత 7.62 ఉంచుకుంటాను, అదీ డమ్మీ రౌండ్‌కు దొరకనివాళ్ల దగ్గర. మిగతా ఎనిమిది మందికి 5.56 చాలు, దాంతో ఏడాదికి ఇంకో వంద రౌండ్లు ఎక్కువ కాల్పిస్తే ఇంకా మంచిది.

ఇదంతా విని మేనల్లుడు, "అయితే నాకు సిగ్ కావాలె మామా" అన్నాడు. 1.6 కిలోమీటర్ల పరుగులో చివరి నాలుగొందల మీటర్లు ఇంకా నడుస్తున్నాడు వాడు. రేపు పొద్దున ఐదింటికి కట్ట మీదికి నేనూ పోతున్నాను, విజిల్ పట్టుకుని.