ఒరెగాన్ ట్రెయిల్ పాఠం: గేమా, టేప్ బండా?

1840ల్లో అమెరికాలో మిస్సోరి నుంచి ఒరెగాన్‌కి, ఒరెగాన్ ట్రెయిల్ అనే దారిలో, దాదాపు 3,200 కిలోమీటర్లు ఎడ్లబండ్లతో వెళ్ళినోళ్ళ గురించి పిల్లలకి చెప్పాలంటే టీచర్లకి రెండు దారులు: ఆ దారి పేరుతోనే ఉన్న కంప్యూటర్ గేమ్ ఆడించడం, లేదా క్లాసు నేల మీద టేప్ అంటించి బండి సైజు చూపించడం.

గేమ్ అయితే 1971లో మిన్నెసోటాలో స్టూడెంట్ టీచర్లు తమ క్లాసు కోసం చేసింది, పిల్లలు వదలరు, డబ్బు, తిండి, వాతావరణం అన్నీ లెక్కేసుకోవాలి, కానీ వేట దగ్గరికొచ్చేసరికి పాఠం గాల్లో కలిసిపోద్ది, రోగమొచ్చి మనిషి పోయినా నవ్వేసి మళ్ళీ స్టార్ట్ కొడతారు.

టేప్‌కి పెద్ద ఖర్చే లేదు. నేల మీద టేప్‌తో బండి సైజు, 4 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు గీసి సామాన్లు సర్దమంటే చాలు. పెద్దోళ్ళు ఒక్కొక్కరికి పిండే దాదాపు 90 కిలోలు, అంటే మన 25 కేజీల బియ్యం బస్తాలు మూడున్నర పైనే, నలుగురికి వేసేసరికి బీరువా దింపేద్దామా వద్దా అని గొడవ, మరి మనమెక్కడ కూర్చోవాలి అని ఎవడో ఒకడు అడుగుతాడు. కూర్చోరు నాన్నా, చాలామంది దారంతా నడిచే వెళ్ళారు అని అప్పుడు చెప్పాలి!

నా ఓటు టేప్‌కే. అయితే ఆ నేల ఎవరిదన్న సంగతి ఇందులో రాదు, పాత గేమ్‌లోనూ అంతంతమాత్రమే. పానీ, షోషోనీ లాంటి మూలవాసి తెగలు అప్పటికే అక్కడ ఉన్నాయి, చాలాచోట్ల మూలవాసులే ఈ బండ్లవాళ్ళకి తిండి అమ్మారు, నదులు దాటించారు, అది మాత్రం టీచరే కలపాలి.