ఆక్మీ ఎడిటర్: మూడు బటన్ల మౌస్, ఒక ప్లంబర్

చీమకుర్తి గ్రానైట్ వ్యాపారులకు బిల్లుల ప్రోగ్రాములు రాయడం నా వృత్తి కనుక, ఒంగోలులోని నా పనిగదిలో రోజంతా తెరిచి ఉండేది టెక్స్ట్ ఎడిటరే. బెల్ ల్యాబ్స్‌లో రాబ్ పైక్ ప్లాన్ 9 అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం తయారుచేసి, 1994లో యూసెనిక్స్ అనే కంప్యూటర్ సదస్సు పత్రంలో వివరించిన ఆక్మీ ఎడిటర్‌ను, రస్ కాక్స్ సిద్ధపరచిన ‘ప్లాన్ 9 ఫ్రమ్ యూజర్ స్పేస్’ అనే ప్రోగ్రాముల సంపుటి ద్వారా నేడు లైనక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ఉచితంగా వాడుకోవచ్చు. ఇందులో కోడ్‌లోని మాటలకు రంగులు వేసే సింటాక్స్ హైలైటింగ్ ఉండదు, జారుడు మెనూలు ఉండవు, పనంతా మౌస్‌తోనే.

ఎడమ బటన్ పాఠాన్ని ఎంచుకుంటుంది, మధ్య బటన్ తాను తాకిన మాటను ఆజ్ఞగా నడుపుతుంది, కుడి బటన్ వెతుకుతుంది లేదా తెరుస్తుంది. ఎడమ బటన్‌తో కొంత పాఠం ఎంచుకొని, ఆ వేలు ఎత్తకుండానే మధ్య బటన్ నొక్కితే అది కట్, కుడి బటన్ నొక్కితే పేస్ట్. మధ్యది, వెంటనే కుడిది నొక్కితే తీసిన పాఠం తీసినచోటే తిరిగి పడుతుంది కాబట్టి కాపీ చేసినట్లే. ఆజ్ఞ మీద మధ్య బటన్ పట్టి ఉంచి ఎడమది తాకిస్తే, ముందే ఎంచుకున్న పాఠం ఆ ఆజ్ఞకు ఆర్గ్యుమెంట్‌గా, అంటే అది వాడుకునే సమాచారంగా, చేరుతుంది. వేళ్లకు అలవాటయ్యాక ఈ వేగాన్ని వదులుకోవడం కష్టం. చిక్కల్లా మౌస్‌తోనే: చక్రాన్ని మధ్య బటన్‌గా నొక్కబోతే అది తిరిగి పాఠం జరిగిపోతుంది, చక్రం లేని మూడు బటన్ల మౌస్ కావాలని ఇక్కడి దుకాణాల్లో అడిగితే మనల్ని వింతగా చూస్తారు.

అయినా నన్ను కట్టిపడేసింది ఈ బటన్ల విద్య కాదు, ప్లంబర్ అనే సందేశాల పంపిణీదారు. కుడి బటన్ నొక్కగానే ఆక్మీ ఆ చోట ఉన్న పాఠాన్ని, ప్రస్తుత డైరెక్టరీ పేరును కలిపి ఒక సందేశంగా ప్లంబర్‌కు పంపుతుంది. ప్లంబర్ తన నియమాల ఫైలును పైనుంచి వరుసగా చూసి, సరిపడిన మొదటి నియమం ప్రకారం సందేశాన్ని తగిన ప్రోగ్రాముకు చేరవేస్తుంది. ఏ నియమమూ సరిపడకపోతే ఆక్మీయే ఫైలు కోసం చూసి, అదీ లేకపోతే ఆ మాటను విండోలో వెతుకుతుంది. కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ చూపిన తప్పులో ఫైలు పేరు, పక్కనే లైను సంఖ్య ఉంటే, దాని మీద ఒక్క నొక్కుతో ఆ ఫైలులోని ఆ లైనే తెరుచుకుంటుంది. పాఠాన్ని ముందుగా ఎంచుకోనవసరం కూడా లేదు, ఎందుకంటే నొక్కిన చోటు చుట్టూ ఎంతవరకు సరిపడుతుందో ప్లంబరే తేలుస్తుంది. నియమాలు సరిపోల్చేది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో, అంటే పాఠం తీరును వర్ణించే సూత్రాలతో, కాబట్టి, మా బిల్లు సంఖ్యల తీరుకు నేనూ ఒక నియమం రాసుకున్నాను. ప్రోగ్రాము నమోదు చేసుకునే ఏ లాగ్ ఫైలులో ఆ సంఖ్య కనిపించినా, దానిపై కుడి బటన్ నొక్కితే సంబంధిత బిల్లు ఫైలు ముందుకు వస్తుంది. నియమం మార్చినప్పుడు ఎడిటర్‌ను మూసి తెరవనక్కరలేదు, కొత్త నియమాలను నడుస్తున్న ప్లంబర్‌లోకి రాస్తే చాలు.

తెలుగు దగ్గర మాత్రం ఆక్మీ పూర్తిగా విఫలమవుతుంది. అన్ని భాషల లిపులనూ కంప్యూటర్‌లో భద్రపరిచే సంకేత పద్ధతి యూటీఎఫ్-8ను 1992లో కెన్ థాంప్సన్‌తో కలిసి రూపొందించినవాడు ఇదే రాబ్ పైక్ అయినా, ఇక్కడ ఒక్కో సంకేతం విడివిడిగా గీయబడడం వల్ల ఒత్తులూ గుణింతాలూ అతుక్కోవు, ‘స్త్రీ’ వంటి మాట ముక్కలై కనిపిస్తుంది. వ్యాపారులకు తెలుగులో రాసే ఉత్తరాలను లిబ్రెఆఫీస్‌లో ఉంచి, వాటి ఫైలు పేర్లపై నొక్కితే అవి అక్కడే తెరుచుకొనేలా ప్లంబర్‌లో ఇంకో నియమం పెట్టుకున్నాను.