నింటెండో 64 స్టిక్ రిపేర్: మూడేళ్లు వాడాక నా అనుభవం

గేమ్ కంట్రోలర్‌లో బొటనవేలితో వంచే స్టిక్ ఉంటుంది కదా, దాని డబ్బా మూత తీయగానే లోపలంతా తెల్లటి పొడి కనిపించింది. బియ్యప్పిండిలా మెత్తగా వేలికి అంటుకుంది. మొదట దుమ్మనుకున్నాను. దుమ్మయితే బూడిదరంగులో ఉండాలి కదా! అది పాతికేళ్లుగా ఎవరెవరో పిల్లలు ఆడగా ఆడగా అరిగి రాలిన ప్లాస్టిక్.

మేముండేది డాలస్‌లో. ఒక గరాజ్ సేల్‌లో రెండు కంట్రోలర్లతో సహా నింటెండో 64 అనే వీడియో గేమ్ మెషీన్ దొరికింది. చిన్నప్పుడు గుంటూరులో క్యాసెట్ పెట్టి ఆడే ఎనిమిది బిట్ల వీడియో గేమ్ తప్ప నాకేమీ తెలియదు. 1996లో వచ్చిన ఈ మెషీన్‌ని అప్పట్లో కంటితో కూడా చూడలేదు. అందుకే ఇంటికి తెచ్చాక మా అమ్మాయి కంటే నాకే ఎక్కువ సంబరం. సూపర్ మారియో 64 అనే ఆట పెట్టాం. అందులో స్టిక్ కొంచెం వంచితే మారియో మునివేళ్ల మీద నడుస్తాడు, పూర్తిగా వంచితే పరుగెడతాడు. మా దాంట్లో కొంచెం వంచితే కదిలేవాడే కాదు, ఇంకొంచెం వంచితే ఒక్కసారిగా ఉరికేవాడు. సన్నటి వంతెన మీద ప్రతిసారీ పడిపోవడమే. "నాన్నా, నేను ఆపాను, వాడే ఆగలేదు" అని మా అమ్మాయి ఏడుపు ముఖం పెట్టేది. తప్పు తనది కాదని స్టిక్ విప్పాకే తెలిసింది.

పాత ఇంటర్నెట్ కేఫ్‌లలో బంతి ఉన్న మౌస్ వాడినవాళ్లకు దీని పని సులువుగా అర్థమవుతుంది. మౌస్ లోపల గాట్లున్న రెండు చక్రాలు తిరుగుతూ ఉంటే వాటి గుండా వెళ్లే ఇన్‌ఫ్రారెడ్ వెలుగు తెగుతూ, వస్తూ ఉంటుంది, దాన్ని లెక్కపెడతారు. ఇక్కడా అంతే. స్టిక్ అడుగు ఒక ప్లాస్టిక్ గిన్నెలో కూర్చుంటుంది, స్ప్రింగు దాన్ని కిందికి నొక్కి ఉంచుతుంది. మధ్యలో ఒకదానికొకటి అడ్డంగా రెండు కమానులు, వాటి చివర గేరు పళ్లు. స్టిక్ వంచితే కమాను ఊగుతుంది, గేరు చక్రాన్ని తిప్పుతుంది. వెలుగును లెక్కపెట్టే భాగం అంత తేలిగ్గా పాడవదు. అరిగేదల్లా గిన్నె అడుగు, స్టిక్ మొన, కమానుల్లో స్టిక్ దూరే సందు. రాలిన పొడి కూడా గరుకు కాగితంలా పనిచేసి మిగిలినదాన్ని ఇంకా గీరేస్తుంది.

స్టిక్‌ని గిరగిరా తిప్పాల్సిన మారియో పార్టీ లాంటి ఆటలు దీనికి బాగా చేటు చేశాయి. ఆ ఆటలో అరచేత్తో తిప్పి పిల్లల చేతులే బొబ్బలెక్కడంతో, న్యూయార్క్ అటార్నీ జనరల్‌ కార్యాలయంతో ఒప్పందం కుదిరి 2000లో నింటెండో గ్లవ్స్ ఇచ్చింది. చేతికి గ్లవ్స్ దొరికాయి, గిన్నెకు మాత్రం ఏమీ దొరకలేదు.

నేను మొదట చేసిన తప్పు గిన్నె ఒక్కటే మార్చడం. చవగ్గా ఆన్‌లైన్‌లో కొన్నాను. రెండు నెలలు బాగానే ఉంది, మూడో నెలలో మళ్లీ పొడి. విప్పి చూస్తే పాత స్టిక్ మొన గరుకుగా ఉండి కొత్త గిన్నెను తొలిచేసింది. అరిగినవాటిని జతగా మార్చాలి, లేకపోతే డబ్బు దండగ.

తర్వాత గేమ్‌క్యూబ్ (నింటెండో తర్వాతి మెషీన్) తరహా స్టిక్ మాడ్యూల్ పెట్టాను. పట్టుకుంటే మెత్తగా ఉంటుంది, గిన్నె అరిగి పొడి రాలే భయం లేదు. కానీ స్టిక్ ఎంత వంగిందో మెషీన్‌కు ఒక అంకెగా వెళ్తుంది. అసలు స్టిక్ ఒక వైపు పూర్తిగా వంచితే దాదాపు 80 నుంచి 85 దాకా ఇస్తుంది, ఇది అంతకు మించి ఇచ్చేస్తుంది. దాంతో మారియో మునివేళ్ల నడక పట్టుకోవడానికి గోరంత కదలిక కూడా ఎక్కువే. గోల్డెన్‌ఐ అనే తుపాకీ ఆటలో గురి పెట్టడం మరీ కష్టమైంది. ఎంత అలవాటు పడదామన్నా కుదరక నెలకే తీసేశాను.

చివరికి స్టీలు గిన్నె, దానికి జతగా స్టీలు స్టిక్, కొత్త ప్లాస్టిక్ కమానులు పెట్టాను. మూడేళ్లుగా ఇదే నడుస్తోంది. విప్పడానికి మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ చాలు. మెమరీ కార్డు పెట్టే అరలో దాక్కున్న చిన్న స్క్రూలు మర్చిపోయి బలంగా లాగకండి, ప్లాస్టిక్ విరుగుతుంది. వెనక జెడ్ బటన్ తాలూకు చిన్న బోర్డు ఊడి పడుతుంది, అది ఎటు తిరిగి ఉందో ముందే ఫోన్‌తో ఫొటో తీసుకోండి. పొడిని ఇయర్ బడ్‌తో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచాకే కొత్తవి పెట్టాలి. ప్లాస్టిక్‌కి హాని చేయని సిలికాన్ గ్రీజు గిన్నెలో బియ్యపుగింజంత, కమానుల సందుల్లో పైపైన పూస్తే చాలు. గాట్ల చక్రాలకు మాత్రం అంటనివ్వకండి, వెలుగు ఆగిపోతుంది. మొదటిసారి నాకదే జరిగింది. స్టిక్ ఎడమకు కదలనే లేదు, మళ్లీ అంతా విప్పాల్సి వచ్చింది.

టెస్ట్ ప్రోగ్రామ్‌లో చూస్తే పాత స్టిక్ కుడివైపు 61 దగ్గరే ఆగేది. రిపేరయ్యాక 83 చూపింది, మొన్న 81. మేం వారానికి మూడు, నాలుగు గంటలు ఆడతాం. అంత వాడకానికి రెండు అంకెలే తగ్గడం నాకు చాలా సంతోషం. లోటు లేదనను. మొదటి వారం గట్టిగా, బరువుగా అనిపించింది. రాత్రి అందరూ పడుకున్నాక ఆడితే స్టీలు శబ్దం పక్క గదికి వినిపిస్తుంది. ఖరీదూ ఎక్కువే, నాకు ఒక స్టిక్‌కి అయిన డబ్బుతో పాత కంట్రోలర్ ఒకటి కొనొచ్చు. అయినా అది కూడా అరిగినదే కదా, దాని కన్నా ఇదే నయం అనుకున్నాను.

స్టిక్ నడిమధ్యన లేదనిపిస్తే రిపేర్ అనుకుని టెన్షన్ పడకండి. స్టిక్ మీద నుంచి చేయి తీసేసి ఎల్, ఆర్, స్టార్ట్ బటన్లు మూడూ కలిపి నొక్కితే అప్పుడున్న చోటునే మధ్యగా తీసుకుంటుంది.

ఆరు నెలలకోసారి మూత తీసి గ్రీజు చూస్తుంటాను. ఇప్పటిదాకా తెల్లపొడి లేదు, గ్రీజు కాస్త బూడిదరంగుకు తిరిగింది, కమాను సందులో ఒక వైపు మాత్రం మెరుపు తేలింది. రెండో కంట్రోలర్ ఇంకా పాత గిన్నెతోనే ఉంది. మా అమ్మాయి దాన్ని ముట్టుకోదు, అందుకే దాన్నీ విప్పడానికి కమానుల సెట్ తెప్పించి పెట్టాను.